జిజెల్ తెల్ల గౌను ఎక్కడి నుంచి వచ్చింది? ఒక కుట్టుపనిమనిషి సమాధానం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా అమ్మాయి బ్యాలే స్కూల్లో జిజెల్ రెండో అంకంలో చేస్తోంది. స్వాన్ లేక్‌లో నడుం దగ్గర అడ్డంగా నిలబడే పొట్టి గౌను వేస్తారు కదా, ఇందులో పిక్కల దాకా వేలాడే గౌను ఎందుకు? ఈ తెల్ల వేషాన్ని 1832లో ఒకే ఒక్క డిజైనర్ కనిపెట్టాడని చదివాను, నిజమేనా? స్కూల్ వాళ్లు మమ్మల్నే కుట్టించుకోమన్నారు. చరిత్రకు దగ్గరగా ఉండాలంటే ఏం గుడ్డ తీసుకోవాలి?"

నాటకాలకీ డాన్సులకీ దుస్తులు కుట్టే వర్క్‌షాపుల్లో చాలాకాలం పనిచేశాను కాబట్టి చెప్పగలిగినంత చెబుతాను. కొంచెం పెద్ద సమాధానం, ఓపిక పట్టండి.

ముందు ఆ 1832 సంగతి. మార్చి 12న పారిస్ ఒపేరాలో "లా సిల్ఫీడ్" అనే బ్యాలే మొదటిసారి ఆడారు. ఫిలిప్పో తాల్యోనీ తన కూతురు మారీ కోసం కూర్చిన బ్యాలే అది. స్కాట్లండ్ పల్లెలో పెళ్లికి సిద్ధంగా ఉన్న జేమ్స్ అనే కుర్రాడు సిల్ఫీడ్ అనే గాలిలో తిరిగే ఆత్మ వెంట పడి అన్నీ పోగొట్టుకోవడం కథ. దుస్తుల రూపకర్తగా యూజేన్ లామీ పేరు చెబుతారు. ఒంటికి పట్టిన రవిక, భుజాలు మెడ బయటికి, పిక్కల సగం దాకా గంటలా విచ్చుకున్న తెల్ల మస్లిన్ లంగా, వీపున చిన్న రెక్కలు, తలమీద పూలదండ, చేతికి ముత్యాలు. మనం ఇప్పుడు "రొమాంటిక్" అని పిలిచే వేషం ఇదే. లామీ పేరు ఉండటం సరే, కానీ ఆయన దీన్ని గాల్లోంచి పుట్టించలేదు. అంతకు ముందు నలభై యాభై ఏళ్లలో ఒక్కొక్క ముక్కా ఎక్కడో ఒకచోట తయారైపోయి ఉంది.

ముందటి శతాబ్దంలో ఒపేరా వేదిక మీద ఆడవాళ్లు పక్కలకి అడ్డంగా చాచిన చట్రాల మీద బరువైన పట్టు గౌన్లు వేసుకునేవారు. మగవాళ్లకీ తుంటి చుట్టూ గట్టిగా నిలబడే పొట్టి లంగాలాంటిది ఉండేది. 1720, 30ల్లో మారీ కమార్గో తన పాదాల పనితనం కనబడాలని లంగాని చీలమండ పైకి ఎత్తింది. మారీ సాలే 1734లో లండన్‌లో "పిగ్మాలియన్" ఆడినప్పుడు చట్రం తీసేసి, జుట్టు వదిలేసి, సాదా మస్లిన్ గుడ్డలో వచ్చింది. ఫ్రెంచ్ విప్లవం తర్వాత ఫ్యాషనే మారిపోయి, గ్రీకు శిల్పాల్ని చూసి కుట్టినట్టుండే పల్చటి తెల్ల మస్లిన్ గౌన్లు వీధుల్లోకే వచ్చేశాయి. 1796లో లండన్‌లో డిడెలో అనే ఆయన "ఫ్లోర్, జెఫీర్" అనే బ్యాలేలో నర్తకుల్ని తీగలు కట్టి గాల్లోకి లేపాడు. కాళ్లకి బిగుతుగా పట్టే అల్లిక మేజోళ్లు కూడా ఆ కాలానికే వచ్చేశాయి. అంటే తెలుపు, మస్లిన్, రెక్కలు, తీగలు, టైట్స్ అన్నీ అప్పటికే ఉన్నాయి.

మరి 1832లో కొత్తగా ఏం జరిగింది? నన్నడిగితే, ముఖ్యంగా వెలుతురు మారింది. ఈ వేషం గురించి రాసేవాళ్లు ఎక్కువగా కవిత్వం వైపు వెళ్లిపోతారు, ఆత్మలు, అందరాని ప్రేమ అంటూ. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ కుట్టేవాళ్లకి తెలుసు, ఏ గుడ్డైనా దాని మీద ఏ దీపం పడుతుందో దాన్నిబట్టే బతుకుతుంది.

పారిస్ ఒపేరా 1821లో ల్ పెలెటియే వీధిలోని కొత్త భవనానికి మారింది. 1822 ఫిబ్రవరిలో అక్కడ అల్లాదీన్ కథ మీద ఒక ఒపేరా ఆడినప్పుడు వేదికకి గ్యాస్ దీపాలు వాడారు. నూనె దీపాలతో ఉన్న చిక్కేమిటంటే, ఒక్కో దీపానికీ ఒత్తి సర్దాలి, పొగ వస్తుంది, వెలుగు తగ్గించాలంటే మూతలు దించాలి. గ్యాస్‌కి గొట్టం, దానికో కుళాయి. తిప్పితే వేదిక మొత్తం మసక అవుతుంది, మళ్లీ తిప్పితే నెమ్మదిగా వెలుగొస్తుంది. వెన్నెలని నమ్మించడం అప్పుడు వీలైంది. 1831 నవంబర్ 21న మేయర్‌బేర్ ఒపేరా "రాబర్ట్ ల్ డియాబ్ల్"లో ఆ పని చేసి చూపించారు. సిసేరి వేసిన పాడుబడ్డ మఠం సెట్టు, మసక వెన్నెల, సమాధుల్లోంచి లేచి వచ్చే సన్యాసినుల గుంపు, అందరూ తెల్ల బట్టల్లో. వాళ్లకి నాయకురాలి వేషం మారీ తాల్యోనీదే. దెగా నలభై ఏళ్ల తర్వాత కూడా ఇదే దృశ్యాన్ని రెండుసార్లు బొమ్మ గీశాడు. లా సిల్ఫీడ్ వచ్చింది దీని తర్వాత నాలుగు నెలలకే.

మసక వెలుతురులో బరువైన పట్టు, జరీ, రంగురంగుల కుట్టుపని నల్లబడి ముద్దయిపోతాయి. పల్చటి తెల్ల నూలుగుడ్డ నాలుగైదు పొరలు వేస్తే, వెలుగు కొంత పై పొర మీద ఆగుతుంది, కొంత లోపలికి పోయి వెనక్కి వస్తుంది. అంచులు స్పష్టంగా కనబడవు, మనిషి ఎక్కడ అయిపోయిందో గాలి ఎక్కడ మొదలయిందో తెలియదు. గెంతి దిగినప్పుడు లంగా ఒక క్షణం ఆలస్యంగా దిగుతుంది, దాంతో ఆమె మెల్లగా వాలినట్టు అనిపిస్తుంది. ఇది గుడ్డ చేసే పని. తాల్యోనీ కాళ్ల బలం ఎంతో ఉంది, అది వేరే.

గుడ్డ గురించి ఇంకాస్త చెప్పాలి, మీరు అడిగింది దాని గురించే కదా. అప్పటి లంగాల్లో మూడు రకాలు కనిపిస్తాయి. మస్లిన్ ఒకటి. ఒకప్పుడు మన దేశం నుంచి, ముఖ్యంగా బెంగాల్ నుంచి వెళ్లేది, 1830ల నాటికి యూరప్ మిల్లులు తామే నేసుకుంటున్నాయి. రెండోది టార్లటన్, అంటే దోమతెర కంటే కాస్త దగ్గర నేతగా ఉండి బాగా గంజి పెట్టిన పల్చటి నూలుగుడ్డ. ఆకారం నిలబెట్టేది ఇదే, లోపలి పావడాలకి బాగా పనికొస్తుంది, కానీ చెమటకి గంజి పోయి చతికిలబడుతుంది. మూడోది ట్యూల్, మనం నెట్ అంటున్నది. దీన్ని పూర్వం చేత్తో అల్లాల్సి వచ్చేది కాబట్టి రాణులకీ జమీందారిణులకీ మాత్రమే. ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ అనే ఆయన 1808, 1809ల్లో దాన్ని అల్లే మెషీన్‌కి పేటెంట్లు తీసుకున్నాడు. 1816లో లఫ్‌బరోలోని ఆయన ఫ్యాక్టరీలో మెషీన్లని కార్మికులు పగలగొడితే, డెవన్‌లోని టివర్టన్‌కి మకాం మార్చేశాడు. ఆ మెషీన్ వల్ల నెట్ ధర పడిపోయింది. ఇరవై ముప్పై మంది అమ్మాయిల గుంపుకి గజాల కొద్దీ తెల్ల నెట్ కొని తొడగడం ఒక థియేటర్‌కి సాధ్యమైందంటే కారణం ఇదే. హీరోయిన్ ఒక్కర్తే తెల్లగా ఉంటే అది వేషం మాత్రమే, గుంపంతా తెల్లగా ఉంటేనే అడవి, వెన్నెల, దయ్యాలు. రెండో అంకం "తెల్ల అంకం" కావడం వెనక ఈ లెక్క కూడా ఉంది.

ఇక పొడుగు సంగతి. పొడుగు అంటున్నాం గానీ ఆ రోజుల్లో చూసినవాళ్లకి అది పొట్టి లంగానే. 1830 ప్రాంతంలో పారిస్ ఆడవాళ్లు బయట వేసుకున్న గౌన్లు చీలమండ దాకా ఉండేవి, నర్తకిది ఇంకో జానెడు పైకి. భుజాలు జారిన మెడకోత, బిగుతు రవిక, సన్నటి నడుం, గంట ఆకారం అన్నీ అప్పటి డాన్స్ పార్టీ గౌన్లవే, చేతుల దగ్గర ఉబ్బు బాగా తగ్గించారు. అందుకే సిల్ఫీడ్ వేషాన్ని చూసిన వాళ్లకి వింతగా ఏమీ అనిపించలేదు, తమ కూతురి పార్టీ గౌనే పల్చబడి రెక్కలు తొడిగినట్టు ఉంది. దీనికి ముందు ఒక సరదా ముచ్చట కూడా ఉంది. రాజరికం తిరిగొచ్చిన 1820ల్లో కళల వ్యవహారాలు చూసే సోస్తెన్ ద లా రోష్‌ఫూకో అనే పెద్దమనిషి ఒపేరా నర్తకుల లంగాలు పొడుగు చేయించమని ఆజ్ఞ వేశాడు. ఊరంతా ఆయన్ని చూసి నవ్వుకుంది. ముందు సీట్లలో దుర్భిణీలు పట్టుకుని కూర్చునే మగవాళ్ల సంగతి అందరికీ తెలుసు, లంగా నాలుగు అంగుళాలు దించితే వాళ్లు దుర్భిణీ దించుతారా?

లంగా పిక్క దాకా ఉండటం వల్ల తొడలు, మోకాళ్లు కనబడవు, చూపు చీలమండ మీదికి, పాదం మీదికి దిగుతుంది. సరిగ్గా ఈ కాలంలోనే కాలివేళ్ల మీద నిలబడటం ఒక గారడీ స్థాయి నుంచి నాట్యభాషగా మారింది. తాల్యోనీ కంటే ముందు అమాలియా బ్రుణ్యోలీ లాంటి ఇటలీ నర్తకులు వేళ్ల మీద లేచేవారు, కాకపోతే చేతులు ఊపి కష్టపడి లేచేవారని తాల్యోనీయే చెప్పింది. తండ్రి పెట్టిన కఠినమైన సాధన వల్ల ఆమె ఆ కష్టం కనబడనివ్వలేదు. ఆమె వేసుకున్నవి ఇప్పటి గట్టి ముక్కు పాయింట్ షూస్ కావు. పారిస్‌లో జాన్సెన్ అనే చెప్పులాయన కుట్టిన మెత్తటి శాటిన్ స్లిప్పర్లు, సన్నటి తోలు అడుగు, వేళ్ల దగ్గరా పక్కలా దారంతో దట్టంగా రఫ్ఫు. లోపల గట్టి పెట్టె ఏదీ లేదు, పట్టు దొరికేది ఆ రఫ్ఫు కుట్టులోనే. మ్యూజియాల్లో మిగిలిన జతలు చూస్తే గుండె గుభేలుమంటుంది, వీటి మీద ఎలా నిలబడిందా అని.

ఇక్కడో హెచ్చరిక. ఇంటర్నెట్లో ఈ కాలం అంటే ముందు దొరికేవి రంగు లితోగ్రాఫులు, అంటే రాతిపలక మీద గీసి అచ్చేసిన బొమ్మలు, ముఖ్యంగా షాలోన్ గీసిన వాటి నుంచి అచ్చేసినవి. 1845 జులై 12న లండన్‌లో తాల్యోనీ, గ్రీజీ, చెరీటో, గ్రాన్ నలుగురూ కలిసి ఆడిన "పా ద కాత్ర్" బొమ్మ అందరూ చూసే ఉంటారు. అందంగా ఉంటాయి, నేనూ గోడకి పెట్టుకున్నాను. కానీ వాటిని చూసి కుట్టు కొలతలు తీయకండి. అవి అభిమానులు కొనుక్కునే బొమ్మలు, పాదం బాదంగింజంత, నడుం గుప్పెడంత గీసి అమ్ముకునేవారు. లంగా కుచ్చిళ్లు ఎంత దట్టమో, పొరలు ఎన్నో వాటిలో తెలియవు. వేషంలో ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తాయి, ఉదాహరణకి పూలు ఎక్కడ పెట్టారు, రిబ్బను ఏ రంగు అని.

అంతా తెలుపేనా అంటే కాదు. ఆ కాలపు బ్యాలేల్లో సాధారణంగా మొదటి అంకం భూమ్మీద నడుస్తుంది. పల్లెటూరు, స్పెయిన్, ఇటలీ, జిప్సీలు, తూర్పు దేశాలు. అక్కడ రంగులే రంగులు. ఫానీ ఎల్స్లర్ 1836లో "ల్ డియాబ్ల్ బ్వాతో"లో కచూచా అనే స్పానిష్ ఆటకి గులాబీ శాటిన్ మీద వెడల్పాటి నల్ల లేసు అంచులు వేసిన గౌను తొడిగి పారిస్‌ని ఊపేసింది. తెయోఫీల్ గోతియే అనే కవి, ఆ కాలపు పెద్ద సమీక్షకుడు, తాల్యోనీని క్రైస్తవ నర్తకి అనీ ఎల్స్లర్‌ని అన్యమత నర్తకి అనీ విడగొట్టాడు. గమ్మత్తు ఏమిటంటే ఇద్దరి గౌన్ల కోత ఒకటే. అదే రవిక, అదే గంట లంగా. ఒకదానికి నల్ల లేసు కుడితే స్పెయిన్, ముందు చిన్న ఏప్రన్ కడితే జర్మన్ పల్లెపిల్ల, రెక్కలు పెడితే సిల్ఫీడ్.

మన దేశం కూడా ఇలాగే వాళ్ల వేదికెక్కింది. 1830లో ఓబేర్ రాసిన ఒపేరా-బ్యాలేలో తాల్యోనీ ఒక "బయదేర్"గా, అంటే భారతీయ దేవాలయ నర్తకిగా ఆడింది, అదే గంట లంగాలో. ఆ తర్వాత 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి నిజమైన దేవదాసీల బృందమే పారిస్ వెళ్లి ఆడింది. వాళ్లలో అమాని అనే ఆమె గురించి గోతియే పరవశించి రాశాడు, బార్ అనే శిల్పి ఆమె కంచు బొమ్మ చేశాడు. ఆయనే అంతకు ముందు తాల్యోనీ, ఎల్స్లర్ బొమ్మలు కూడా చేశాడు. మన వాళ్ల కట్టూ నగలూ కళ్లారా చూశాక కూడా పారిస్ వాళ్లు బయదేర్ వేషాన్ని పెద్దగా మార్చుకోలేదు. వాళ్లకి కావలసింది భారతదేశం కాదు, భారతదేశం పేరు పెట్టుకున్న తమ గౌను.

మీ అమ్మాయి ఆడబోయే జిజెల్‌లో దీని ఆనవాలు ఒకటి ఉంది. 1841 జూన్ 28న కార్లొత్తా గ్రీజీ ముఖ్యపాత్రగా ఇది మొదటిసారి ఆడింది. కథ రాసినవాళ్లలో గోతియే ఒకడు, దుస్తులు పోల్ లోర్మియే. పెళ్లి కాకుండా చనిపోయిన అమ్మాయిలు విలీలై రాత్రిళ్లు అడవిలో ఆడతారు కాబట్టి వాళ్ల తెలుపు ఒకరకంగా పెళ్లికూతురి తెలుపు. అచ్చయిన కథాసారంలో ఇద్దరు విలీలకి పేర్లున్నాయి. మొయినా ఒక అంతఃపుర కన్య, జుల్మే ఒక బయదేర్. వాళ్లవాళ్ల దేశపు ఆటలు వాళ్లు ఆడాలి. ఇప్పుడు ప్రోగ్రాముల్లో ఆ రెండు పేర్లు మిగిలాయి, ఇద్దరూ మిగతావాళ్లలాగే తెల్ల నెట్‌లో ఉంటారు.

తెలుపు మీద మోజు ఎంతకి వచ్చిందంటే, 1844 నాటికి గోతియేకే విసుగొచ్చింది. లా సిల్ఫీడ్ వచ్చాక ఒపేరా అంతా విలీలకీ జలకన్యలకీ అప్పజెప్పేశారనీ, తెల్ల గాజుగుడ్డ, ట్యూల్, టార్లటన్ వాడకం శృతి మించిందనీ రాశాడు. విలీల కథ రాసింది తానే అని గుర్తున్నట్టు లేదు.

ఇప్పుడు ఎక్కువమంది దాటేసే భాగం. ఏ గ్యాస్ దీపం వల్ల ఈ గౌను అంత అందంగా కనిపించిందో, అదే దీపానికి ఇది పొడి ఎండుగడ్డి. పల్చటి నూలు, పొరల మధ్య గాలి, పైగా గంజి. 1844 డిసెంబర్‌లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి లంగా వేదిక మీది దీపానికి తగిలి అంటుకుంది, మూడు రోజులకి చనిపోయింది. 1861లో ఫిలడెల్ఫియాలో ఒక థియేటర్ డ్రెస్సింగ్ రూమ్‌లో ఒకరి గౌను అంటుకుంటే కాపాడబోయిన వాళ్లతో కలిపి కనీసం ఆరుగురు నర్తకులు పోయారు, వాళ్లలో గేల్ అక్కచెల్లెళ్లు ఉన్నారు.

ఎమ్మా లివ్రీ అనే పారిస్ ఒపేరా నర్తకి కథ వీటన్నిటికంటే ఎక్కువ బాధ పెడుతుంది. ముసలితనంలో తాల్యోనీ పారిస్ వచ్చి, ఈ అమ్మాయిలో తనని తాను చూసుకుని శిష్యురాలిగా తీసుకుంది. 1860లో ఆమె కోసం "ల్ పపియోఁ" అనే బ్యాలే కూర్చింది, సంగీతం ఆఫెన్‌బాక్. అందులో సీతాకోకచిలుక దివిటీ మంటకి రెక్కలు కాల్చుకుంటుంది. అప్పటికే గుడ్డని మంట అంటుకోకుండా చేసే ఒక ద్రావణం ఉంది, కార్తెరోఁ అనే ఆయనది. నర్తకులు దాంట్లో ముంచిన బట్టలే వేసుకోవాలని 1859లో ఫ్రాన్సులో ఆజ్ఞ కూడా వచ్చింది. కానీ అందులో ముంచిన లంగా బిరుసెక్కుతుంది, పసుపు తిరుగుతుంది. తన మామూలు లంగాలోనే ఆడతానని, ఏం జరిగినా బాధ్యత తనదేనని లివ్రీ డైరెక్టర్‌కి రాసిచ్చింది. 1862 నవంబర్ 15న ఒక ఒపేరా రిహార్సల్లో లంగా విదిల్చినప్పుడు పక్కనున్న గ్యాస్ మంట అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం పడి 1863 జులైలో పోయింది. అప్పటికి ఇరవై ఏళ్లు. కాలగా మిగిలిన ఆ బట్ట పీలికలు ఇప్పటికీ పారిస్ ఒపేరా మ్యూజియంలో ఉన్నాయి.

ఆమెది మొండితనం అని తేలిగ్గా అనేస్తారు. నేను అనలేను. ఆ గౌను విలువంతా తెల్లగా ఉండటంలో, మెత్తగా ఆలస్యంగా వాలడంలో ఉందని ఆమెకి నేర్పింది ఆ థియేటరే. ఆ రెండూ పోగొట్టే మందుని చేతికిచ్చి, వేసుకోవాలో వద్దో నువ్వే తేల్చుకో అంటే ఆ వయసు నర్తకి ఏం చేస్తుంది?

పొట్టి గౌను సంగతి త్వరగా చెప్పేస్తాను. దెగా బొమ్మల కాలానికి, అంటే 1870ల్లో, లంగా మోకాలి దాకా వచ్చింది. 1885లో విర్జీనియా జుక్కీ లాంటి ఇటలీ నర్తకులు రష్యా వెళ్లి, కష్టమైన గిరికీలూ కాలి విన్యాసాలూ కనబడాలని ఇంకా పొట్టి చేయించారు. అడ్డంగా నిలబడేది ఇరవయ్యో శతాబ్దపుది. పొడుగు లంగా మళ్లీ ప్రాణం పోసుకున్నది ఫోకిన్ అనే రష్యన్ నృత్యకర్త వల్ల. 1907లో షోపెన్ సంగీతానికి అన్నా పావ్లోవా ఆడిన వాల్ట్జ్‌కి బాక్స్ట్ తాల్యోనీ లితోగ్రాఫులు చూసి గౌను గీశాడు, 1909లో పారిస్‌లో "లే సిల్ఫీడ్" ఆడినప్పుడు గుంపంతా అలాగే వచ్చింది. కాబట్టి మీ అమ్మాయి వేసుకోబోయేది 1841 గౌను కాదు, 1841 గురించి 1900ల వాళ్లు ఊహించుకున్న గౌను. తప్పేమీ లేదు, తెలిసుంటే మంచిది.

ఇక కుట్టడం. నూలు టార్లటన్ వెతకొద్దు, దొరికినా ఒక్క రిహార్సల్‌కే నలిగిపోతుంది. మెత్తటి నైలాన్ ట్యూల్ నాలుగైదు పొరలు చాలు, గట్టి నెట్ అయితే అడుగున ఒక్క పొర మాత్రం, అదీ పొట్టిగా. రవిక విడిగా కుట్టి, తుంటి దగ్గర పట్టీ వేసి దానికి లంగా కుచ్చిళ్లు ఎక్కించండి, నడుం లావుగా కనబడదు. అంచు కొలత నడుం నుంచి కాదు, నేల నుంచి తీయాలి, గుంపులో అందరి అంచులూ ఒకే గీతలో ఉండాలి కాబట్టి టీచర్ ఎన్ని అంగుళాలు చెప్పారో అడగండి. మామూలుగా నేలకి 12 అంగుళాల పైన. తళతళలాడే తెలుపు కొనొద్దు. ఇప్పటి ఎల్ఈడీ లైట్లకి అది నీలంగా కొడుతుంది. మీగడ రంగు తీసుకోండి, లేదా పైపొరని పల్చటి టీ డికాక్షన్‌లో ముంచి ఆరేయండి, నైలాన్ కూడా కొంచెం పీల్చుకుంటుంది. ముందు ఒక ముక్క మీద చూసుకోండి. రెక్కలు మీరే కుట్టేయకండి, కొన్ని స్కూళ్లు విలీలకి నడుం దగ్గర పెడతాయి, కొన్ని అసలు పెట్టవు. నైలాన్ మండినప్పుడు కరిగి ఒంటికి అంటుకుంటుంది, కాబట్టి జిజెల్ సమాధి దగ్గర నిజం కొవ్వొత్తులు పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ముందే వద్దని చెప్పండి, బ్యాటరీవి బోలెడు దొరుకుతున్నాయి.